సైకిల్ డిక్కీలో, బ్యాటరీ మన దగ్గర

ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నవాళ్లు మొదటి నెల కాలనీ రోడ్ల మీదే తిరుగుతారు. రెండో నెలకి మనసు ఊరి బయటికి లాగుతుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్‌ని 2023 అక్టోబర్ 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకోటి. బాగానే ఉంది. కానీ ఉప్పల్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న మనిషి అక్కడికి తొక్కుకుంటూ వెళ్లేసరికి బ్యాటరీ సగం, ఓపిక మొత్తం అయిపోతాయి. వికారాబాద్ అనంతగిరి, విశాఖ వాళ్లకి అరకు సంగతి ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి సైకిల్ కారెక్కాలి.

ఈ అధ్యాయం పెడల్ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ గురించే. రిజిస్ట్రేషన్ అక్కర్లేనిది, మోటారు 250 వాట్లకి, వేగం గంటకి 25 కిలోమీటర్లకి మించనిది. ఎలక్ట్రిక్ స్కూటర్‌ని కారులో వేసుకెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. వంద కిలోలు దాటే బండి అది. దానికి ట్రాలీ ఆటో ఉంది.

కారు వెనక బెల్టులతో బిగించే సైకిల్ క్యారియర్లు దొరుకుతుంటే లోపల కుక్కడం ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ క్యారియర్లు మామూలు సైకిళ్ల కోసం చేసినవి. చాలావాటి మీద ఒక్కో సైకిల్ బరువు 15 కిలోలు మించకూడదనే రాసి ఉంటుంది. మామూలు గేర్ సైకిల్ అంతలోనే తూగుతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ 18 నుంచి 28 దాకా ఉంటుంది, లావు టైర్లదైతే ఇంకా పైనే. స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరిపడిన ప్రతిసారీ ఆ బరువు బెల్టుల మీద రెట్టింపై పడుతుంది. నంబర్ ప్లేటు కనబడకపోతే చలాన్ సరేసరి. కారు టాపు మీదికి పాతిక కిలోలు ఎత్తడం ఇద్దరు మనుషులకి కూడా మెడ పట్టేసే పని. ఇక వానలో హైవే మీద పోతుంటే మోటారు వైరు జాయింట్లలోకి, బ్యాటరీ కూర్చునే గాడిలోకి నీళ్లు కొట్టుకుపోతాయి. చినుకుల్లో తొక్కితే తట్టుకునే సైకిల్ ఈ దెబ్బకి తట్టుకుంటుందని నమ్మకం లేదు. పెద్ద టో హుక్కుకి తగిలించే గట్టి క్యారియర్లు అమెరికాలో మామూలే కానీ, మన కార్లలో ఎక్కువ వాటికి ఆ హుక్కే ఉండదు.

లోపల పెట్టే ముందు ఒక్క విషయం తలకెక్కించుకుంటే సగం పనులు వాటంతటవే దారిలో పడతాయి. ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్క సామాను కాదు, రెండు. ఒకటి ఇనుము, అల్యూమినియం, రబ్బరు. దానికి ఎండా దుమ్మూ లెక్కలేదు, కదలకుండా కట్టేస్తే చాలు. రెండోది బ్యాటరీ. దానికి ఎండ పడదు, దెబ్బ పడదు, తడి పడదు. ఈ రెండింటినీ కలిపి డిక్కీలోకి తోసేసినవాళ్లే తర్వాత తిప్పలు పడతారు. విడదీయండి, దేని మర్యాద దానికి చేయండి.

లీటర్లు చూసి మోసపోకండి

కార్ల కంపెనీలు డిక్కీని లీటర్లలో చెబుతాయి. సూట్‌కేసులకి ఆ లెక్క పనికొస్తుంది గానీ సైకిల్‌కి కాదు. వ్యాగనార్ డిక్కీ 341 లీటర్లు. డిజైర్‌ది 380కి అటూఇటూ. కాగితం మీద డిజైర్‌దే పైచేయి. కానీ డిజైర్‌లో వెనక సీటు వంగదు, డిక్కీ నోరు చిన్నది. చక్రం ఊడదీసినా ఫ్రేము లోపలికి దూరదు. వ్యాగనార్‌లో వెనక సీటు వంచేసి, నిటారుగా ఉండే ఆ వెనక డోరు ఎత్తితే ఎత్తూ వెడల్పూ రెండూ కలిసొస్తాయి. నలభై లీటర్లు ఎక్కువున్న సెడాన్ కన్నా తక్కువున్న హ్యాచ్‌బ్యాకే మనకి నయం.

సీఎన్‌జీ కారైతే ఆశలు కాస్త తగ్గించుకోవాలి. డిక్కీలో సగం సిలిండరే తినేస్తుంది. 2023 నుంచి టాటా వాళ్లు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి పెట్టి, డిక్కీ అడుగున దించేసిన మోడళ్లు తెచ్చారు. వాటిలో కాస్త చోటు మిగులుతుంది. సిలిండర్ పైకి కనబడే కారులో సైకిల్ ఇనుము దాని వాల్వుకో పైపుకో రాసుకునేలా పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

కారు మీది, సైకిల్ మీది, కాబట్టి టేపు తీయండి. డిక్కీ తలుపు దగ్గర అతి ఇరుకైన చోట వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, డిక్కీ మూసినప్పుడు దాని లోపలి అంచు నుంచి ముందు సీటు వీపు దాకా పొడవు ఎంత, ఇవి చూడండి. నేల నుంచి డిక్కీ గడప ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. ఈ ఆఖరిదాన్ని ఎవరూ కొలవరు, నడుం పట్టేసేది దీనితోనే. 29 అంగుళాల చక్రాల సైకిల్ ఈ చివర నుంచి ఆ చివరకి 180 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న కార్లలో అది పట్టదు. ముందు చక్రం తీసేస్తే 145కి దిగుతుంది. పక్క సీటుని ముందుకి జరిపి, సైకిల్‌ని కాస్త ఐమూలగా పెడితే చాలా హ్యాచ్‌బ్యాకుల్లో పని అయిపోతుంది.

ఎర్టిగా, ఇన్నోవా లాంటి బండ్లున్నవాళ్లకి ఈ గొడవ లేదు. ఎర్టిగాలో మూడో వరస పడుకోబెడితే 550 లీటర్లు వస్తుంది. రెండో వరసలో ఒక పక్క కూడా వంచితే సైకిల్ పొడుగ్గా పడుకుంటుంది, ఇంకో పక్క మనిషి కూర్చోవచ్చు. కూర్చోవచ్చు అన్నాను గానీ, దాని సంగతి కింద చెబుతాను. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలా ఇళ్ల ముందు ఓడిస్సీయో సియెన్నాయో కనబడుతుంది. ఓడిస్సీలో మూడో వరస నేలలోకి దిగిపోతుంది, రెండో వరస సీట్లు ఊడదీయొచ్చు. 2021 నుంచి వచ్చిన సియెన్నాలో రెండో వరస ఇంట్లో ఊడదీసుకునేలా లేదు, ముందుకి జరపడం వరకే. సైకిళ్ల మీద మోజుతో వ్యాన్ కొనేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

మడత సైకిల్ కొంటే ఈ తలనొప్పి ఉండదని షాపువాళ్లు చెబుతారు. పొడవు తగ్గేమాట నిజమే. కానీ మడిచినంత మాత్రాన బరువు తగ్గదు. 20 అంగుళాల చక్రం, నాలుగంగుళాల టైరు ఉన్నది మడిస్తే లావుపాటి మూట అవుతుంది, పట్టుకోవడానికి సరైన చోటే దొరకదు. మీది పెద్ద డిక్కీ ఉన్న కారైతే మామూలు ఫ్రేమే కొనండి. మడత సైకిల్ నిజంగా పనికొచ్చేది సెడాన్ ఉన్నవాళ్లకి. అదీ, కొనే ముందు షాపు దగ్గరికి కారు తీసుకెళ్లి ఒకసారి పెట్టించి చూశాకే.

ఎత్తే ముందు, ఎత్తేటప్పుడు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఈ తతంగం చూస్తే అన్నీ అర్థమవుతాయి. ఒకాయన సైకిల్‌ని అలాగే హ్యాండిల్ పట్టుకుని ఎత్తబోతాడు. డిస్‌ప్లే ఆన్‌లోనే ఉంటుంది. బొటనవేలు థ్రాటిల్ మీద పడుతుంది. వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగి బంపర్ మీద నల్లటి గీత గీస్తుంది. "ఏమండీ, ముందు దాన్ని ఆపండీ!" అని వాళ్లావిడ. "సార్, మీరు ఆగండి, వెనక నేను పడతా," అని వాచ్‌మన్. ఆయన మాత్రం ఒక్కడినే ఎత్తగలనని నిరూపించుకునే పనిలో ఉంటాడు. మన దేశంలో అమ్మే సైకిళ్లలో చాలావాటికి థ్రాటిల్ ఉంటుంది కాబట్టి మొట్టమొదటి పని ఇదే: డిస్‌ప్లే ఆఫ్, తాళం తిప్పడం, బ్యాటరీ బయటికి. రెండు మూడు కిలోల బరువు అప్పుడే తగ్గిపోతుంది.

తర్వాత సీటు పూర్తిగా కిందికి దించండి. గేరు ఒకటిలో పెట్టండి. చైను వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి పోతుంది, డిరైలర్ లోపలికి ఒదుగుతుంది. గేరు మార్చడానికి చక్రం తిరగాలి కాబట్టి ఇది ముందు చక్రం తీయకముందే చేసేయాలి. పెడల్ అడ్డం వస్తుంటే 15 నంబర్ స్పానర్‌తో తీసేయండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. గుర్తుంచుకోవడానికి తేలిక మార్గం: స్పానర్ పిడి పైకి పెట్టి, ఏ పక్కదైనా సరే, వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది. ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది.

ముందు చక్రానికి క్విక్ రిలీజ్ పిడి ఉంటే అరనిమిషం పని. నట్లు ఉంటే స్పానర్ కావాలి. మోటారు ముందు చక్రంలోనే ఉన్న సైకిలైతే దాని వైరు ముందు విప్పాలి. మోటారు వెనక చక్రంలో ఉంటే ఆ చక్రం జోలికే వెళ్లకండి. దాని నట్లు పెద్దవి, ఎక్కువగా 18 నంబర్‌వి, వాటి వెనక వాషర్లు ఒక వరసలో ఉంటాయి. ఒక్కటి అటూఇటూ అయినా ఇరుసు తిరిగి వైరు తెగుతుంది. ట్రాక్ పక్కన కూర్చుని ఆ వరస గుర్తు తెచ్చుకునే సరదా ఎవరికీ వద్దు.

హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిలైతే, చక్రం తీసిన వెంటనే బ్రేకు ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క మడిచి పెట్టండి. డిస్కు లేనప్పుడు పొరపాటున ఎవరైనా లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, చక్రం మళ్లీ ఎక్కదు. పిల్లలు కారులో ఉంటే ఆ లివర్ నొక్కకుండా ఉండడం అసంభవం.

హ్యాండిల్ తిప్పాలంటే దాని మెడకి పక్కన ఉన్న రెండు బోల్టులు వదులు చేస్తే చాలు. పై మూత బోల్టు ముట్టుకోకండి. హ్యాండిల్‌ని ఫ్రేముకి సమానంగా వచ్చేదాకానే తిప్పండి. అంతకు మించితే డిస్‌ప్లే వైరు లాగేస్తుంది.

డిక్కీలో పరవడానికి మన దగ్గర దొరికే వాటిలో పాత ఫ్లెక్సీని మించినది లేదు. ఏదో బర్త్‌డేకి కట్టింది తెచ్చి పరవండి. గ్రీజు కిందికి దిగదు, తడి దిగదు, పైగా సైకిల్ జారుకుంటూ లోపలికి పోతుంది. దుప్పటి వేస్తే మడతలు పడి ఆగిపోతుంది. ఫ్లెక్సీ మీద, వెనక ఇరుసు వచ్చే చోట మాత్రం పాత బొంత వేయండి. ఎందుకంటే చైను, గేర్లు సైకిల్‌కి కుడివైపు ఉంటాయి. అవి పైకి ఉండాలంటే సైకిల్ ఎడమ పక్కన పడుకోవాలి. బ్రేకు డిస్కులేమో ఉండేదే ఎడమవైపు. బొంత లేకపోతే వెనక డిస్కు మీద బరువు పడి వంగుతుంది. వంగిన డిస్కు చక్రం తిరిగినంతసేపూ ప్యాడ్‌కి గీరుకుంటూ చెవులు తినేస్తుంది.

ఎత్తడం ఇద్దరి పని. ఒకరు సీటు కింద గొట్టం, ఇంకొకరు హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము పట్టుకోవాలి. మడ్‌గార్డులు, క్యారియర్, మోటారు వైరు పట్టుకుని ఎత్తకూడదు. మోకాళ్లు వంచండి, నడుం కాదు. వెనక చక్రం ముందుగా లోపలికి పోవాలి. మోటారు బరువంతా అటే ఉంటుంది, అది ముందు సీట్ల వీపుకి ఆనుకుంటే బ్రేకు వేసినప్పుడు కదలడానికి చోటుండదు. ఫోర్కు కొసలు ఇనుప ముళ్లు. అవి డిక్కీ వైపు ఉండాలి గానీ డ్రైవర్ వీపు వైపు కాదు. డిక్కీ మూసేటప్పుడు మాత్రం పై నుంచి విసిరి కొట్టకండి. చేత్తో నెమ్మదిగా దించుతూ, హ్యాండిల్ కొస, ఫోర్కు కొస అద్దానికి ఎంత దూరంలో ఉన్నాయో ఒకరు పక్క నుంచి వంగి చూడాలి. వెనక అద్దం ఒక్క చోట గట్టిగా తగిలినా పిండిపిండిగా రాలిపోతుంది.

కొంచెం పట్టలేదని డిక్కీ సగం తెరిచి తాడు కట్టేవాళ్లున్నారు. ఆ సందులోంచి పొగ గొట్టం గాలి కారులోకి తిరిగొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. పట్టకపోతే ఆ కారులో ఆ సైకిల్ పోదు, అంతే.

కట్టడం దగ్గర బద్ధకం వద్దు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నైనా గుద్ది 60 సెంటీమీటర్ల లోపల ఆగిపోయిందనుకోండి. లోపలి వస్తువు తన బరువుకి పదహారు రెట్ల బలంతో ముందుకి దూకుతుంది. బ్యాటరీ తీసిన 22 కిలోల సైకిల్ అప్పుడు 350 కిలోల దెబ్బ కొడుతుంది. సాగే రబ్బరు తాళ్లు దీన్ని ఆపవు, సాగుతాయి. లారీలకి వాడే ర్యాచెట్ బెల్టులు చిన్న సైజువి దొరుకుతాయి. రెండు కొనండి. డిక్కీ నేలలో కొక్కేలుంటే వాటికి, లేకపోతే పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కడ్డీలకి వేసి, సైకిల్ ఫ్రేము మధ్య గొట్టం మీదుగా బిగించండి. వైర్లు, బ్రేకు గొట్టాలు బెల్టు కింద నలగకూడదు. ఊడదీసిన చక్రాన్ని గోనెసంచిలో పెట్టి, డిస్కు పైకి వచ్చేలా, అదే బెల్టు కిందికి తోయండి. ఇందాక మనిషి కూర్చోవచ్చు అన్నచోట నా అభిప్రాయం ఇది: సైకిల్ పక్కన పెద్దవాళ్లని, అదీ బెల్టులు బిగించాకే, కూర్చోబెట్టండి. పిల్లల్ని వద్దు. ఇంకో కారులో పంపండి, లేదా ఆ వారం సైకిల్ మానేయండి.

బ్యాటరీ మర్యాద

మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగారనుకోండి. బయట 42 డిగ్రీలు. కారు ఎండలో ఉంది. మూసిన కారు వేడెక్కడానికి గంట అక్కర్లేదు, పెరగాల్సిన వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విశేషం కాదు, డ్యాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువే. లిథియం బ్యాటరీలని 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయొద్దనే ఎక్కువమంది తయారీదారులు చెబుతారు. వాడకానికి ఇచ్చే హద్దు కూడా 60 దగ్గరే ఆగుతుంది. అంత వేడిలో వెంటనే అంటుకుంటుందని కాదు. ప్రతి ఎండాకాలం ఇలా నాలుగుసార్లు ఉడికితే నలభై కిలోమీటర్లు ఇచ్చే బ్యాటరీ ముప్పైకి పడిపోతుంది. లోపల ముందే దెబ్బతిన్న సెల్ ఉంటే అప్పుడు ప్రమాదం నిజంగానే మొదలవుతుంది.

కాబట్టి బ్యాటరీ చోటు డిక్కీలో కాదు. ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే చోట, ఏసీ గాలి తగిలేలా, తువ్వాలు చుట్టి దొర్లకుండా ఇరికించండి. దాని కింద ఇత్తడి రాగి కనబడే కనెక్షన్ల మీద ప్లాస్టిక్ మూత ఉంటే సరే, లేకపోతే టేపు అంటించండి. తాళాల గుత్తి, చిల్లర, స్పానర్లు అదే సంచిలో వేయకూడదు. టిఫిన్‌కి దిగినప్పుడు సంచిలో పెట్టుకుని మీతో పాటే హోటల్లోకి తీసుకెళ్లండి. మూడు కిలోలు మోయడం కష్టమా అంటే, కొత్త బ్యాటరీ ధర కనుక్కున్నాక ఎవరూ కష్టమనరు. కొన్ని సైకిళ్లలో బ్యాటరీ ఫ్రేములో కలిసిపోయి బయటికి రాదు. అలాంటివాళ్లు తెల్లవారుజామున బయలుదేరి, ఎండెక్కేలోపు చేరుకుని, నీడలో దించేయడం ఒక్కటే దారి.

ఛార్జ్ ఎంతుండాలి? గంట ప్రయాణం చేసి ట్రాక్ మీదికి దిగేవాళ్లు నిండుగానే తీసుకెళ్లండి, ఏం కాదు. ఎండాకాలం అయిదారు గంటల ప్రయాణమైతే సగానికి కొంచెం పైన ఉంచి, చేరాక పెట్టుకోవడం మేలు. చేరగానే కాదు, చేత్తో ముట్టుకుంటే వేడి తగలనంత చల్లబడ్డాక. మీ ఛార్జర్ మీరే తీసుకెళ్లాలి. హోమ్‌స్టే వాళ్ల దగ్గర ఉన్న ఇంకో కంపెనీది పిన్ సరిపోయినా వోల్టేజీ వేరై ఉండొచ్చు. రాత్రి గది గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టి పడుకోకండి. ఏదైనా జరిగితే బయటికి పోవాల్సింది ఆ గుమ్మంలోంచే.

విమానంలో తీసుకెళ్దామా అన్న ప్రశ్న ఇక్కడే తీరిపోతుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అని రాసి ఉన్న బ్యాటరీ అంటే 360 వాట్ అవర్. ప్రయాణికులు మామూలుగా తీసుకెళ్లగలిగేది 100, ముందే అనుమతి తీసుకుంటే 160. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీకి ఆ దారి మూసుకున్నట్టే.

కిందపడిన బ్యాటరీని, ఉబ్బిన దాన్ని, నీళ్లలో నానిన దాన్ని కారులో ఎక్కించకండి. దారిలో బ్యాటరీ నుంచి బుస్సుమని చప్పుడు, ఘాటు వాసన, పొగ వస్తే బండి పక్కకి ఆపి, అందరూ దిగి, దూరంగా నిలబడి 101కో 112కో ఫోన్ చేయండి. కారులో ఉండే చిన్న ఫైర్ సిలిండర్ ఈ మంటకి సరిపోదు. సైకిల్ కోసం చెయ్యి లోపల పెట్టొద్దు.

దించాక, మళ్లీ ఎక్కించేటప్పుడు

దించిన వెంటనే తొక్కడం మొదలుపెట్టకండి. చక్రం ఎక్కించి పిడి బిగించాక ముందు భాగం ఎత్తి చక్రం మీద చేత్తో గట్టిగా కొట్టండి, కదలకూడదు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం ఆగి హ్యాండిల్ మాత్రం తిరిగితే బోల్టులు ఇంకా వదులుగా ఉన్నట్టు. పడుకోబెట్టి తెచ్చిన సైకిల్‌లో హైడ్రాలిక్ బ్రేకులు ఒక్కోసారి మెత్తగా దిగుతాయి. లివర్ నాలుగైదుసార్లు నొక్కండి, గట్టిపడుతుంది. గట్టిపడకపోతే ఆ రోజు ఘాట్ దిగడం మానుకోండి. బ్యాటరీ పెట్టి, టక్కుమని లాక్ పడ్డ చప్పుడు విన్నాకే తాళం తిప్పండి.

తిరుగు ప్రయాణంలోనే జనం పప్పులో కాలేస్తారు. పొద్దున ఓపిగ్గా కట్టినవాళ్లే సాయంత్రం చీకట్లో, ఆకలి మీద, బురద సైకిల్‌ని అలా పడేసి బయలుదేరతారు. ఫ్లెక్సీ తిరగేసి పరిస్తే బురద గొడవ ఉండదు. బ్యాటరీ తడిసి ఉంటే తుడిచి, గాడి వైపు కిందికి ఉండేలా కాసేపు ఆనించి పెట్టండి. ఒక టార్చి, 15 స్పానర్, 5 నంబర్ అలెన్ కీ, అట్టముక్క, రెండు బెల్టులు ఒకే సంచిలో వేసి, ఆ సంచి డిక్కీలో కాకుండా ముందు సీటు కింద పెట్టండి. డిక్కీలో పెడితే సైకిల్ ఎక్కించాక అది అడుగున ఉంటుంది. బ్యాటరీ తాళం చెవి మాత్రం ఆ సంచిలో వేయొద్దు, కారు తాళాలకే తగిలించండి.